కంద చెబుతుంది, పాలకూర చెప్పదు

అన్నవరంలో సత్యనారాయణ వ్రతం ముగించుకుని కొండ దిగే కుటుంబాలను గమనిస్తే ఒక సంగతి తెలుస్తుంది. షుగరు ఉన్న పెద్దాయన విస్తరాకు పొట్లం విప్పి, గోధుమ నూక, బెల్లం, నెయ్యి కలిసిన ప్రసాదాన్ని చిటికెడు కళ్లకద్దుకుని నోట్లో వేసుకుంటాడు. మిగతాది మనవల చేతిలో పెట్టేస్తాడు. అపచారమని ఎవరూ అనరు, ఇంకాస్త తినమని బలవంతమూ పెట్టరు. ప్రసాదం పవిత్రమే, బెల్లం మంచిదే, కానీ ఆయన ఒంటికి అంత పడదు. ఈ మాటల్లో ఒకదానికొకటి అడ్డం కాదని గోదావరి జిల్లాల్లో బడి ముఖం చూడని ఇల్లాలికి కూడా తెలుసు. అదే కుటుంబం పెళ్లికని మళ్లీ ఆ రత్నగిరి కొండ ఎక్కి భోజనాల బంతిలో కూర్చుంటే మాత్రం లెక్క మారిపోతుంది. కంద బచ్చలి కూర రెండోసారి వడ్డిస్తున్నప్పుడు ఆ పెద్దాయన రక్తంలో కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎంత ఉందో ఎవరికీ గుర్తు రాదు. 'ఆకుకూరే కదండీ, ఒంటికి మంచిది, వేయించుకోండి' అంటారు. షుగరు విషయంలో ఇంటింటికీ అబ్బిన తెలివిడి కిడ్నీ విషయంలో ఇంకా అబ్బలేదు. మంచి కూరగాయ అందరికీ, అన్ని వేళలా, ఎలా వండినా మంచిదే అన్న నమ్మకం మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి నిజంగానే చేటు చేస్తుంది. ఆ రోగికి ఏ కూర, ఎంత, ఎలా వండి పెట్టాలో మందుల చీటీతో పాటే చెప్పడం వైద్యంలో భాగం కావాలి. నా వాదన ఇదే.

ముందు కంద సంగతి. కందను కోసే చేతికి నూనో చింతపండో రాసుకోవడం మన వంటిళ్లలో పాత అలవాటు. కారణం దురద. కంద కణాల్లో సూదుల్లా ఉండే కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఉంటాయి. అవి చర్మాన్నీ నాలుకనూ గుచ్చుతాయి, దురద అక్కడ పుడుతుంది. అందుకే కందను ముక్కలు కోసి, కడిగి, ఉడికించి, నీళ్లు వార్చి, చింతపండు పులుసు తగిలించి, ఆవ పెట్టి తింటారు. కొవ్వూరు ఉద్యాన పరిశోధన స్థానం నుంచి వచ్చిన గజేంద్ర రకం దేశమంతా పాకడానికి దిగుబడితో పాటు దురద తక్కువ కావడం కూడా కారణమే. కందకు లేని దురద బచ్చలికెందుకు అని మనవాళ్లు సామెత కట్టారు. అయితే అసలు చిక్కు ఆ దురద లేని ఆకుల్లోనే ఉంది. ఆక్సలేట్ రెండు రూపాల్లో ఉంటుంది. కాల్షియంతో గట్టిగా ముడిపడి స్ఫటికంగా ఉన్నది పేగుల్లో పెద్దగా ఒంటికి పట్టదు, చాలావరకు మలంతో పోతుంది. నీటిలో కరిగే రూపంలో ఉన్నది మాత్రం రక్తంలోకి చేరి, మూత్రపిండాల గుండా బయటికి వెళ్లాలి. పాలకూర, తోటకూర, బచ్చలి లాంటి ఆకుల్లో ఈ కరిగే ఆక్సలేట్ బాగా ఉంటుంది. కంద తనలో ఉన్నది నాలుకకు చెప్పేస్తుంది. పాలకూర చెప్పదు. మహా అయితే తిన్నాక పళ్లు కాస్త గరుగ్గా అనిపిస్తాయి, అంతే.

వంద గ్రాముల పాలకూరలో ఆక్సలేట్ సాధారణంగా కొన్ని వందల మిల్లీగ్రాములు ఉంటుంది. రాళ్లు మళ్లీ మళ్లీ వచ్చేవారికి ఆక్సలేట్ తగ్గించాలని చెప్పే వైద్యులు రోజుకు 50 నుంచి 100 మిల్లీగ్రాముల హద్దు పెడుతుంటారు. అంటే ఒక గిన్నెడు పాలకూర పప్పుతోనే ఆ రోజు కోటా దాటిపోవచ్చు. కిడ్నీ రాళ్లలో ఎక్కువ శాతం కాల్షియం ఆక్సలేట్‌వే కనుక ఇది చిన్న విషయం కాదు. అలాగని రాయి ఉన్న ప్రతి మనిషీ ఆకుకూర మానేయాలన్నది కూడా సరికాదు. వంటింట్లో మనకు రెండు ఉపాయాలున్నాయి. ఒకటి, ఎక్కువ నీళ్లలో ఉడికించి వార్చడం. 2005లో వెలువడిన ఒక విశ్లేషణలో ఇలా ఉడికించి వార్చినప్పుడు కూరగాయను బట్టి కరిగే ఆక్సలేట్ 30 నుంచి 87 శాతం దాకా తగ్గింది. ఆవిరి మీద ఉడికిస్తే అంత తగ్గలేదు. రెండోది పెరుగు. భోజనంలో కాల్షియం ఉంటే అది పేగులోనే ఆక్సలేట్‌ను పట్టుకుని, రక్తంలోకి పోనివ్వకుండా ఆపుతుంది. రాయిలో కాల్షియం ఉందని పాలూ పెరుగూ మాన్పించే సలహా మన ఊళ్లలో ఇప్పటికీ వినబడుతుంది. దాన్ని పరీక్షించి తప్పని తేల్చి ఇరవై ఏళ్లు దాటింది. ఇటలీలో మళ్లీ మళ్లీ రాళ్లు వచ్చే 120 మంది మగవాళ్లను రెండు జట్లుగా చేసి అయిదేళ్లు చూశారు. కాల్షియం బాగా తగ్గించిన అరవై మందిలో 23 మందికి రాళ్లు మళ్లీ వచ్చాయి. కాల్షియం మామూలుగానే ఉంచి, ఉప్పూ మాంసమూ తగ్గించిన అరవై మందిలో 12 మందికే వచ్చాయి. 2002లో వచ్చిన ఆ ఫలితం అప్పటి నుంచి వైద్యుల పాఠ్యపుస్తకాల్లో ఉంది, మన వీధుల్లోకి ఇంకా రాలేదు. వీధిలో నలుగుతున్నది టమాటా గింజల కథ. రాయి ఉందనగానే ముందుగా మాన్పించేది టమాటానే. నిజానికి టమాటాలో ఆక్సలేట్ చాలా తక్కువ, పాలకూర పక్కన పెడితే లెక్కలోకే రాదు. ఉత్త టమాటాకు భయపడి, పాలకూరను మంచిదని రోజూ తినే రాళ్ల రోగులు మన చుట్టూ ఉన్నారు.

ఇక్కడొక గందరగోళాన్ని విడదీయాలి. 'కిడ్నీ ప్రాబ్లం' అన్న ఒక్క మాట కింద మన ఇళ్లలో రెండు వేర్వేరు జబ్బులు చేరిపోయాయి. ఒకటి రాళ్లు. రెండోది మూత్రపిండాల పని నెమ్మదిగా తగ్గిపోయే దీర్ఘకాలిక జబ్బు. దీనికి షుగరు, బీపీలే ముఖ్య కారణాలు. ఒకదానికి చెప్పిన పథ్యం రెండోదానికి పనికిరాదు సరికదా, ఒక్కోసారి ఎదురు తిరుగుతుంది. రాళ్లున్నవారు నీళ్లు బాగా తాగాలి. డయాలసిస్ దాకా వెళ్లినవారు చాలామంది నీళ్లు కొలుచుకుని తాగాలి. రాళ్ల రోగి చూసుకోవలసింది ఆక్సలేట్. మూత్రపిండాలు బాగా దెబ్బతిన్న రోగి చూసుకోవలసిన వాటిలో ముందు వరసలో ఉండేది పొటాషియం. పక్కింటాయనకు రాళ్లు పోయాయని అరటిదవ్వ రసం సలహా ఇస్తే, క్రియాటినిన్ ఆరు దాటిన ఈ ఇంటాయన కూడా తాగుతాడు. దవ్వ రాళ్లను కరిగిస్తుందన్న నమ్మకం సంగతి అటుంచి, అందులో పొటాషియం మెండుగా ఉంటుంది. ఆయనకు అది తగదు. రెండు రోగాలకూ ఒకే పేరు పెట్టుకుని సలహాలు ఇచ్చిపుచ్చుకోవడం వల్ల జరిగే నష్టం ఏ లెక్కలోకీ ఎక్కదు, ఎందుకంటే ఆసుపత్రికి చేరేసరికి దాన్ని 'గుండె ఆగిపోయింది' అని రాస్తారు.

పొటాషియం అంత ప్రమాదమా అంటే, కిడ్నీలు బాగున్నవారికి కాదు. ఆరోగ్యవంతుడికి రోజుకు సుమారు మూడున్నర గ్రాముల పొటాషియం కావాలి, అది బీపీని అదుపులో ఉంచడానికి కూడా సాయపడుతుంది. తిన్నదాంట్లో ఎక్కువైనది మూత్రంలో పోతుంది. మూత్రపిండాలు ఆ పని చేయలేని స్థితికి వచ్చాక అది రక్తంలోనే నిలిచిపోతుంది. లీటరు రక్తంలో మూడున్నర నుంచి అయిదు యూనిట్ల మధ్య ఉండవలసినది ఆరు దాటితే గుండె లయ తప్పే ముప్పు ఉంది, అదీ ముందుగా ఏ నొప్పీ చూపించకుండా. దీనికి మందులు కూడా తోడవుతాయి. బీపీకి విరివిగా రాసే టెల్మిసార్టాన్, లోసార్టాన్, రామిప్రిల్, గుండె జబ్బుకిచ్చే స్పైరోనోలాక్టోన్, ఇవన్నీ పొటాషియాన్ని కొంత నిలబెడతాయి. మంచి మందులే, కిడ్నీని కాపాడటానికే చాలాసార్లు వాటిని రాస్తారు. కానీ ఆ మాత్రలు వేసుకునే రోగి పళ్లెంలో ఏముందో కూడా చూడాలి కదా. తోటకూర, పాలకూరల్లో వంద గ్రాములకు 500 మిల్లీగ్రాములకు పైనే పొటాషియం ఉంటుంది. కంద, చేమ, బంగాళాదుంపలు కూడా ఇంచుమించు ఆ కోవలోవే. బీర, సొర లాంటివాటిలో అందులో మూడో వంతు ఉంటుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో 528 భారతీయ ఆహార పదార్థాలను విశ్లేషించి ప్రచురించిన పట్టికల్లో ఈ వివరాలన్నీ ఉన్నాయి. అంటే సమాచారానికి కొరత లేదు. అది ఆ పెద్ద పుస్తకంలోంచి పళ్లెంలోకి రావడం లేదు.

ఆసుపత్రిలో రోగిని చూడటానికి వెళ్లేవారు కోనసీమ కొబ్బరిబోండాలో, రావులపాలెం అరటి గెలలోని అత్తమో పట్టుకెళ్తారు. ఈ నేల పంట అది, అభిమానంతో ఇచ్చేది. డయాలసిస్ రోగికి మాత్రం ఆ రెండింటి కంటే చేటైన కానుక దొరకడం కష్టం. వంద మిల్లీలీటర్ల కొబ్బరి నీళ్లలో పావు గ్రాము దాకా పొటాషియం ఉంటుంది. పెద్ద బోండాం ఒకటి తాగితే మూడు పావులు. రోహిణీ కార్తె ఎండలో నీరసంగా ఉందని రెండు తాగిస్తే ఆ రాత్రి ఏమవుతుందో మూత్రపిండాల వైద్యులందరికీ తెలుసు.

కూరల దగ్గరికే మళ్లీ వద్దాం, ఎందుకంటే పరిష్కారం కూడా అక్కడే ఉంది. పొటాషియం నీటిలో కరుగుతుంది. కూరగాయను చెక్కు తీసి, చిన్న ముక్కలుగా కోసి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబోస్తే అందులో సగానికి అటూ ఇటూగా పోతుంది. కంద కూరకు మన పెద్దలు చేసే పని అచ్చంగా ఇదే. వాళ్లు దురద కోసం చేశారు, ఇవాళ అదే పద్ధతి ఇంకో కారణానికి అక్కరకు వస్తుంది. అయితే ఇక్కడే రోగి ఇంట్లో అయోమయం మొదలవుతుంది. 'కూరగాయలు ఉడికించిన నీళ్లు పారబోయకండి, పోషకాలు పోతాయి' అని పాఠశాల పుస్తకాల దగ్గర్నుంచి అంగన్‌వాడీ గోడల దాకా నలభై యాభై ఏళ్లుగా చెబుతున్నాం. ఆ మాట నూటికి తొంభై మందికి సరైనదే. పోషకాహార లోపం ఉన్న పిల్లలున్న ఇంట్లో ఆ నీళ్లు పప్పులోనో చారులోనో పోయాల్సిందే. అదే ఇంట్లో తాతగారి కిడ్నీలు దెబ్బతింటే ఆయన కూర నీళ్లు వార్చాల్సిందే. కోడలు ఏ మాట వినాలి? రెండు మాటలూ నిజమేనని, ఇద్దరికీ రెండు గిన్నెలు పెట్టుకోవాలని ఆమెకు ఎవరో ఒకరు కూర్చోబెట్టి చెప్పాలి. ప్రెషర్ కుక్కర్లో అన్నీ కలిపి నీళ్లతో సహా మగ్గించే ఇప్పటి వంటలో అది దానంతట అది జరగదు. వార్చిన చారుకట్టు మీద మమకారం ఉన్న గోదావరి వంటలో అసలే జరగదు.

ఇప్పుడు కొత్తగా వచ్చిన ముప్పు గురించి. తరతరాల వంటలో ఆకుకూరకు ఒక హద్దు ఉండేది. ఎంత ఇష్టమైనా కట్ట తోటకూర ఇంటిల్లిపాదికీ పంచుకునేవారు. ఉడికించేవారు, పప్పుతోనో పెరుగుతోనో తినేవారు. ఇప్పుడు ఆకుపచ్చ జ్యూసుల రూపంలో ఆ హద్దులన్నీ ఒక్కసారిగా కొట్టుకుపోతున్నాయి. రెండు మూడు కట్టల పాలకూరను పచ్చిగానే మిక్సీలో వేసి, పీచు వడకట్టి, పరగడుపున ఒక్క మనిషే తాగేస్తే ఉడికించడం లేదు, వార్చడం లేదు, పక్కన పెరుగూ లేదు. 2018లో అమెరికా మూత్రపిండాల వైద్యుల పత్రికలో ఒక కేసు ప్రచురించారు. ఒంటిని శుద్ధి చేసుకోవాలని ఆక్సలేట్ ఎక్కువగా ఉండే ఆకుల రసం తాగిన ఒక అరవై అయిదేళ్ల స్త్రీ మూత్రపిండాల నిండా ఆక్సలేట్ స్ఫటికాలు పేరుకుని, చివరికి ఆమె డయాలసిస్ పాలయ్యారు. ఆమెకు అంతకుముందు జీర్ణాశయానికి బైపాస్ శస్త్రచికిత్స జరిగింది, యాంటీబయాటిక్స్ కూడా చాలాకాలం వాడారు. ఆ రెండూ ఆక్సలేట్‌ను ఒంటికి ఎక్కువగా పట్టిస్తాయి. అంటే జ్యూసు ఒక్కటే చేయలేదు, జ్యూసు ఆమె ఒంటి స్థితితో కలిసి చేసింది. నేను చెబుతున్నది కూడా సరిగ్గా దాని గురించే. సొరకాయ రసం తాగి ప్రాణాల మీదికి తెచ్చుకున్న ఘటనల తర్వాత భారత వైద్య పరిశోధన మండలి నిపుణుల సంఘం వేసి, చేదుగా ఉన్న రసం గుక్కెడు కూడా తాగొద్దని చెప్పించవలసి వచ్చింది. కూరగా వండుకునేటప్పుడు చేదు సొరకాయను ముక్క రుచి చూసి పారేయడం మనకు తెలిసిన పనే. జ్యూసు 'మందు' అయిపోయాక చేదును ఓర్చుకుని తాగడం మొదలైంది.

మునగాకు పొడి మరో ఉదాహరణ. ఆషాఢంలో మునగాకు తినడం, తెలగపిండితో కలిపి వండుకోవడం ఈ జిల్లాల ఆచారం. ఏడాదికి కొద్ది రోజులు, కూరగా. ఇప్పుడు అదే ఆకు ఎండబెట్టి దంచి డబ్బాల్లో పోసి, మూడు వందల రోగాలకు మందని అమ్ముతున్నారు. ఎండితే నీరు పోతుంది, ఖనిజాలు పోవు. చెంచాడు పొడిలో గుప్పెడు ఆకు సారం ఉంటుంది. ఆరోగ్యవంతులకు దాని వల్ల పెద్ద ఇబ్బంది లేకపోవచ్చు. గుండెలో కృత్రిమ కవాటం వేయించుకుని ఎసిట్రోమో వార్ఫరినో వాడుతున్నవారి సంగతి వేరు. ఆ మందులు విటమిన్ కె చేసే పనికి అడ్డుపడి రక్తం గడ్డకట్టకుండా చూస్తాయి. ఆకుకూరల్లో ఆ విటమిన్ దండిగా ఉంటుంది. వీళ్లు ఆకుకూరలు మానేయాల్సిన పనిలేదు. వారానికి ఎంత తింటున్నారో ప్రతి వారం ఇంచుమించు అంతే తినాలి, మందు మోతాదు దానికి తగ్గట్టు కుదురుతుంది. హఠాత్తుగా పొడి మొదలుపెట్టినా, హఠాత్తుగా ఆకుకూరలు మానేసినా రక్తం గడ్డకట్టే తీరు చెప్పే ఐఎన్‌ఆర్ పరీక్షలో అంకె తప్పుతుంది. ఒకవైపు గడ్డ, మరోవైపు రక్తస్రావం.

ఇదంతా చెబితే మొదట వచ్చే అభ్యంతరం బలమైనదే. అసలే జనం ఆకుకూరలు తక్కువ తింటున్నారు. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలు రోజుకు అర కిలో దాకా కూరగాయలు, పండ్లు తినమంటున్నాయి. ఇలాంటి చోట పాలకూరలో ఇది ఉంది, తోటకూరలో అది ఉంది అని పత్రికల్లో రాస్తే బాగున్నవాళ్లు కూడా మానేయరా? మానేసే ప్రమాదం ఉంది, దాన్ని నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. అందుకే ఇది ఊరందరికీ చాటింపు వేయవలసిన హెచ్చరిక కాదంటున్నాను. రక్తహీనత ఉన్న అమ్మాయి, చూలింత, ఎదిగే పిల్లవాడు, కిడ్నీలు బాగున్న షుగరు రోగి ఆకుకూర మామూలుగా తినాలి, ఇంకా ఎక్కువే తినాలి. జాగ్రత్త చెప్పవలసింది పరీక్షల్లో తేలిన రోగులకు, పేరు పేరునా. గోడ మీద రాతకూ చీటీ మీద రాతకూ ఉన్న తేడాను పాటించకపోవడం వల్లే రెండు వైపులా నష్టం జరుగుతోంది. అందరికీ చెప్పేది రోగి పాటిస్తున్నాడు, రోగికి చెప్పింది విని అందరూ భయపడుతున్నారు.

రెండో అభ్యంతరం మూత్రపిండాల వైద్యుల నుంచే వస్తుంది. ఒకప్పటిలా పొటాషియం పేరు చెప్పి కూరలూ పండ్లూ కట్టడి చేయడం పాత పద్ధతి అని వాళ్లంటారు. అది నిజం. 2020లో వచ్చిన అమెరికా మార్గదర్శకాలు అందరికీ ఒకే కోత పెట్టకుండా రక్తంలో పొటాషియం ఎంతుందో చూసి ఆహారం సర్దమన్నాయి. 2024 అంతర్జాతీయ మార్గదర్శకాలు కిడ్నీ జబ్బు ఉన్నవారు కూడా మొక్కల నుంచి వచ్చే ఆహారం ఎక్కువగా తినడం మేలన్నాయి. కూరగాయలు ఒంట్లో ఆమ్లతను తగ్గిస్తాయి. వాటి పీచు విరేచనం సాఫీగా అయ్యేలా చేస్తుంది. మూత్రపిండాలు పనిచేయనప్పుడు పేగు గుండా పొటాషియం పోయే దారి ముఖ్యమవుతుంది కాబట్టి, అన్ని కూరలూ మాన్పించి మలబద్ధకం తెచ్చిపెడితే పొటాషియం పెరుగుతుంది కూడా. పైగా నమిలి తినే కూరలోని పొటాషియం పూర్తిగా ఒంటికి పట్టదు, రసంలోది త్వరగా పడుతుంది. ఇవన్నీ ఒప్పుకుంటే నా వాదన బలపడుతుందే తప్ప వీగిపోదు. 'అన్నీ తినండి', 'ఏమీ తినకండి' అనే రెండు తేలిక మాటలూ తప్పేనని ఈ పరిశోధన చెబుతోంది. రక్తపరీక్ష అంకె పట్టుకుని, ఆ మనిషి ఇంట్లో వండే కూరల జాబితా పట్టుకుని కూర్చుంటే తప్ప సలహా చెప్పలేం. నిషేధం రాయడానికి ఒక్క నిమిషం చాలు. సర్దుబాటు చెప్పడానికి అరగంట కావాలి.

మా తాతలు తిన్నారు, వాళ్లకేం కాలేదు కదా అన్నది మూడో మాట. వాళ్ల రోజుల్లో క్రియాటినిన్ పరీక్ష చేయించుకున్నవారు ఎందరు? ఇరవై ఏళ్ల షుగరుతో బతికినవారు ఎందరు? ఇప్పుడు మందుల పుణ్యమా అని దీర్ఘరోగంతోనే డెబ్బై, ఎనభై ఏళ్లు బతుకుతున్నాం. కొత్త స్థితి కాబట్టి కొత్త పథ్యం కావాలి. బాలింతకు ఒక పథ్యం, కామెర్లకు ఒక పథ్యం అని పాటించిన సమాజానికి సూత్రం కొత్తగా నేర్పనక్కర్లేదు, అందులోని సరుకును మాత్రం సరిచేయాలి. ఆధారం లేని నిషేధాలు కూడా మనకు తక్కువేం లేవు. యూరిక్ యాసిడ్ ఉందంటే పాలకూర, పప్పులు, కాలీఫ్లవర్ మాన్పిస్తారు. 47 వేల మందికి పైగా మగవాళ్లను పన్నెండేళ్లు గమనించి 2004లో వెలువరించిన అధ్యయనంలో మాంసం, సముద్రపు చేపలు ఎక్కువ తిన్నవారికే యూరిక్ యాసిడ్ వల్ల వచ్చే కీళ్ల జబ్బు గౌట్ ఎక్కువ వచ్చింది, యూరిక్ యాసిడ్‌గా మారే ప్యూరిన్లున్న కూరగాయలు తిన్నవారికి కాదు. థైరాయిడ్ ఉందని క్యాబేజీ మానేసినవారికి కూడా అయోడిన్ ఉప్పు వాడుతూ, వండుకుని, మితంగా తింటే భయం లేదని చెప్పాలి.

మరి ఆ అరగంట ఎవరివ్వాలి? కాకినాడ, రాజమహేంద్రవరం ప్రభుత్వాసుపత్రుల ఓపీలో వరస ఎంతుంటుందో తెలిసినవారెవరూ దాన్ని డాక్టరు మీద వేయరు. డయాలసిస్‌కు ప్రభుత్వాలు డబ్బు ఖర్చు పెట్టడం లేదని కూడా అనలేం. 2016 నుంచి జాతీయ డయాలసిస్ కార్యక్రమం ఉంది. రాష్ట్రంలో డయాలసిస్ రోగులకు నెలకు 10,000 రూపాయల పింఛను అందుతోంది. కిడ్నీ జబ్బు పీడిస్తున్న ఉద్దానం ప్రాంత ప్రజల దశాబ్దాల గోడు తర్వాత 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం తెరిచారు. ఇంత ఖర్చు పెట్టినచోట వారానికి రెండు మూడుసార్లు, నాలుగేసి గంటలు మంచం మీద ఉండే రోగి పక్కన కూర్చుని 'నిన్న ఏం కూర తిన్నారు, ఎలా వండారు' అని అడిగే మనిషి లేకపోవడం సమర్థించుకోలేని లోటు. అంతకంటే మంచి సమయం, అంతకంటే ఓపికగా వినే శ్రోత ఇంకెక్కడా దొరకరు. ఇచ్చే ఆహార పత్రాల్లో కూడా మార్పు రావాలి. 'పొటాషియం అధికంగా ఉన్న ఆహారం తగ్గించండి' అన్న వాక్యం ఏ వంటింట్లోనూ అర్థం కాదు. కంద, చేమ, బచ్చలి, పెరుగు తోటకూర, అరటిదవ్వ, పనసపొట్టు, కొబ్బరి నీళ్లు అని పేర్లతో రాయాలి. ఏది వార్చి తినొచ్చో, ఏది వార్చినా వద్దో, ఎన్ని గరిటెలో రాయాలి. బీపీకని పొటాషియం కలిపి అమ్మే తక్కువ సోడియం ఉప్పు కిడ్నీ రోగులకు పనికిరాదనీ రాయాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 జనవరిలో ఆ ఉప్పును సిఫారసు చేస్తూ మూత్రపిండాల జబ్బు ఉన్నవారిని విడిగా మినహాయించింది, మన దుకాణాల్లో మాత్రం అది అందరికీ ఒకటే అల్మారాలో ఉంటుంది.

ప్రతి డయాలసిస్ కేంద్రంలో ఒక పోషకాహార నిపుణుణ్ని నియమించాలి. గ్రామాల్లో బీపీ, షుగరు పరీక్షించే ఏఎన్ఎంలకు, ఆశా కార్యకర్తలకు కిడ్నీ రోగి వంట గురించి ఒక్కరోజు శిక్షణ ఇవ్వాలి. జాతీయ పోషకాహార సంస్థ పట్టికల నుంచి గోదావరి జిల్లాల కూరలతో ఒక పేజీ తెలుగు పత్రం తయారుచేయించి, క్రియాటినిన్ ఎక్కువ వచ్చిన ప్రతి రిపోర్టుకూ జతచేయాలి. ఇవేవీ కోట్లు అడిగే పనులు కావు. ప్రభుత్వం చేసేదాకా ఆగకుండా ఇంట్లో కిడ్నీ రోగి ఉన్నవారు ఈసారి ఆసుపత్రికి వెళ్లినప్పుడు రెండు ప్రశ్నలు అడగండి: మాది రాళ్ల జబ్బా, కిడ్నీ పని తగ్గిన జబ్బా? రక్తంలో పొటాషియం ఇప్పుడెంత ఉంది? ఆ రెండింటి జవాబు తెలిశాకే ఆయన విస్తట్లో ఏ ఆకుకూర వేయాలో నిర్ణయించుకోండి.